యంత్రమునకు అక్షరాభ్యాసము చేయించిన ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్

బిడ్డ చేతికి పలక యిచ్చి, వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించుట మన యిండ్లలో అందరును ఎరిగిన ముచ్చటయే. బిడ్డ తప్పు వ్రాసినచో గురువు దిద్దును. మరల తప్పినచో మరల దిద్దును. ఎన్నడో ఒకనాడు దిద్దనక్కరలేకయే అక్షరము కుదురుగా వచ్చును. ఈలోపల ఆ పసివాని మెదడులో ఏమి మారినదో గురువునకు తెలియదు, శిష్యునకును తెలియదు. ఆ మార్పును తీగలతోను, మోటారులతోను, విద్యుత్తుతోను కల్పింపవచ్చునని నమ్మి, అట్టి యంత్రమును నిర్మింపజేసి, దానికి నిజముగనే అక్షరములు నేర్పినవాడు ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ అను అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు.

రజతోత్సవ సంచికలలో దేశభక్తుల చరితములు, సంఘసంస్కర్తల చరితములు, కవుల చరితములు చోటు చేసికొనుట పరిపాటి. వాని నడుమ ఈ పేరు పాఠకులకు కొత్తగా తోచవచ్చును. కాని నేడు మన పిల్లలు అరచేతిలోని ఫోనుతో తెలుగున మాటలాడి తెలుగుననే సమాధానము పొందుచున్నారు. కృత్రిమ మేధ అను మాట పట్టణములను దాటి పల్లెలలోని అరుగులమీద సైతము వినబడుచున్నది. ఆ విద్య ఎచట మొదలైనదో తెలిసికొనగోరువారు ఈయన కడకు పోక తప్పదు.

రోజెన్‌బ్లాట్ న్యూయార్కు మహానగరమునకు చేరువనున్న న్యూ రోషెల్ పట్టణమున 1928వ సంవత్సరము జూలై 11వ తేదీన జన్మించెను. బ్రాంక్స్ విజ్ఞానశాస్త్ర ఉన్నత పాఠశాలలో చదివి 1946లో అచ్చటి చదువు ముగించెను. ఆ పాఠశాలలోనే ఆయనకంటె ఒక తరగతి ముందు చదివిన బాలుడు మార్విన్ మిన్‌స్కీ. ఈ పేరును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. అటుపిమ్మట రోజెన్‌బ్లాట్ ఇథాకా పట్టణమునందలి కార్నెల్ విశ్వవిద్యాలయమున చేరి 1950లో పట్టమును, 1956లో డాక్టరు పట్టమును పొందెను. ఆయన డాక్టరు పట్టము ఇంజనీరింగులో గాని, గణితములో గాని పొందినది కాదు. మనస్తత్త్వ శాస్త్రమున పొందినది. మనుష్యుడు ఎట్లు చూచును, ఎట్లు గుర్తుపట్టును, ఎట్లు జ్ఞాపకముంచుకొనును అను ప్రశ్నల నుండి బయలుదేరి ఆయన యంత్రముల కడకు వచ్చెను.

పరిశోధక విద్యార్థిగా నున్నప్పుడే ఆయనకు యంత్రములతో పని పడినది. రెండు వందలకు పైబడిన విద్యార్థులు ఆరు వందల ప్రశ్నలకిచ్చిన సమాధానములను ఒకరివానితో నొకరివి పోల్చి చూడవలసివచ్చెను. చేతితో లెక్కించుటకు ఓపిక చాలని పని. ఆ ఒక్క పనికై ఆయన ప్రత్యేకముగా ఒక గణకయంత్రమును రూపొందించి, దానికి ఈపాక్ అని పేరిడెను. అవసరమునకు తగిన యంత్రము దొరకనప్పుడు తానే చేసికొనవలెనను పట్టుదల ఆయనకు ఆనాటినుండియు గలదు.

ఆ కాలపు గణకయంత్రములు ఎట్టివో కొంత చెప్పినగాని ఈయన చేసిన పని విలువ బోధపడదు. ఒక కచేరిలో ఒక గుమాస్తా, ఒక బీరువా ఉన్నవనుకొనుడు. గుమాస్తా బీరువా కడకు పోయి ఒక కాగితము తెచ్చును. దానిపై వ్రాసియున్న ఆజ్ఞను చదివి, ఆ ప్రకారము కూడికయో తీసివేతయో చేసి, ఫలితమును మరల బీరువాలో నుంచి, తరువాతి కాగితమునకై పోవును. ఎంత వేగముగా పరుగెత్తినను ఆయన ఒక్కడే, బీరువా యొక్కటే. ఆజ్ఞ వ్రాసినవాడు తప్పు వ్రాసినచో గుమాస్తా తప్పే చేయును. గణకయంత్రములలో జ్ఞాపకముంచు భాగము వేరు, లెక్కించు భాగము వేరు. మెదడు అట్టిది కాదు. అందు కోట్లకొలది నాడీకణములు ఏకకాలమున పనిచేయుచుండును. జ్ఞాపకము వేరొక బీరువాలో నుండదు. కణమునకును కణమునకును నడుమనున్న బంధముల బలాబలములలోనే యుండును. మెకల్లక్, పిట్స్ అను ఇరువురు 1943లో నాడీకణమును ఒక చిన్న తర్కయంత్రముగా భావించి గణితమున వర్ణించిరి. కెనడా దేశీయుడగు డోనాల్డ్ హెబ్ 1949లో, రెండు కణములు కలిసి పనిచేసినకొలది వాని నడుమ బంధము గట్టిపడునని ప్రతిపాదించెను. ఈ రెండు భావములును కాగితముపై నుండెను. వానిని యంత్రముగా చేసి, ఆజ్ఞలతో నిమిత్తములేకుండ అనుభవముచేత నేర్చుకొనునట్లు చేయుటయే రోజెన్‌బ్లాట్ పూనిన పని.

డాక్టరు పట్టము పొందిన పిదప ఆయన బఫలో నగరమునందలి కార్నెల్ వైమానిక పరిశోధనాలయమున పనిచేయుచుండెను. 1957 జనవరిలో అచ్చటి అధికారులకు ఒక నివేదిక సమర్పించెను. చూచి గుర్తుపట్టగల స్వయంచాలక యంత్రమును గూర్చిన ఆ నివేదికలో ఆయన తన యంత్రమునకు పర్‌సెప్ట్రాన్ అని నామకరణము చేసెను. చూచి గ్రహించుట అను అర్థము గల మాటనుండి పుట్టిన పేరది. అమెరికా నౌకాదళమువారి పరిశోధన శాఖ ఇందులకు ధనసహాయము చేసెను. విమానముల నుండి తీసిన ఛాయాచిత్రములను మనుష్యుల బదులు యంత్రములు పరిశీలింపగలిగినచో సైన్యమునకు ఎంత లాభమో ఊహింపవచ్చును.

సొంత యంత్రము సిద్ధమగుటకు ముందు ఆయన తన సిద్ధాంతమును ఐ.బి.యం. కంపెనీవారి 704 అను పెద్ద గణకయంత్రముపై పరీక్షించెను. గది నిండ నుండు ఆ యంత్రము బరువు ఐదు టన్నులు. 1958 జూలైలో వాషింగ్టనున పత్రికలవారి యెదుట ప్రదర్శన జరిగెను. కొన్ని కార్డులకు ఎడమ ప్రక్కను, కొన్నింటికి కుడి ప్రక్కను గుర్తులుండెను. ఏది ఎడమ, ఏది కుడి అని యంత్రమునకు ఎవరును ముందుగా చెప్పలేదు. ఏబది పర్యాయములు ప్రయత్నించిన పిమ్మట అది రెండింటిని వేరుపరుపగలిగెను.

ఇంతవరకే అయినచో ఇది చక్కని ప్రయోగము. కాని పత్రికలలో వచ్చిన వార్త వేరు. ఇట్టి యంత్రములు మున్ముందు నడచునని, మాటలాడునని, వ్రాయునని, తమవంటి యంత్రములను తామే పుట్టించునని, తాము ఉన్నామను ఎరుక సైతము కలిగియుండునని నౌకాదళమువారు ఆశించుచున్నట్లు న్యూయార్క్ టైమ్స్ పత్రిక ప్రకటించెను. ఎడమ కుడి తెలిసికొనుటకు ఏబది పర్యాయములు పట్టిన యంత్రమును గూర్చి ఇట్టి మాటలు! ఇందు తప్పు పత్రికలవారిదే యనుటకు వీలులేదు. రోజెన్‌బ్లాట్ స్వభావముచే ఉత్సాహి. విలేఖరులు అడిగినప్పుడు రాబోవు దినములను గూర్చి ధారాళముగా చెప్పెడివాడు. విత్తు నాటిననాడే పంట ధర చెప్పిన రైతును సంతలోనివారు క్షమింపరు. తోటి శాస్త్రజ్ఞులలో పలువురకు ఆనాటినుండియే ఆయనపై కినుక మొదలయ్యెను.

ఇక ఆయన నిర్మించిన యంత్రమును గూర్చి. దానికి మార్క్ వన్ పర్‌సెప్ట్రాన్ అని పేరు. బఫలో పరిశోధనాలయమున చార్లెస్ వైట్‌మన్ మొదలగు ఇంజనీర్ల తోడ్పాటుతో తయారై, 1960 జూన్ 23వ తేదీన అందరి యెదుట ప్రదర్శింపబడెను.

దాని కన్ను చదరముగా నుండును. వరుసకు ఇరువది చొప్పున ఇరువది వరుసలలో 400 కాంతిగ్రాహక ఘటములు, అనగా ఫోటోసెల్లులు, అమర్చబడియుండెను. ఇవి కాడ్మియము సల్ఫైడు అను పదార్థముతో చేసినవి. వెలుగు పడినప్పుడు విద్యుత్తును సులభముగా పోనిచ్చును, చీకటిలో అడ్డగించును. వాని యెదుట ఒక అక్షరమును గాని, చతురస్రము, వృత్తము వంటి ఆకారమును గాని ఉంచినచో, కొన్ని ఘటములపై వెలుగును, కొన్నింటిపై నీడయు పడును. మన కంటి వెనుకనున్న పొరకు ఇది ముతక నకలు.

ఈ కంటినుండి తీగలు రెండవ వరుసకు పోవును. అందు 512 ఘటములు గలవు. వీనిని సంబంధ ఘటములు అందుము. ఇచ్చట రోజెన్‌బ్లాట్ చేసిన పని ఎవరికైనను వింతగా తోచును. ఏ ఫోటోసెల్లు తీగ ఏ సంబంధ ఘటమునకు పోవలెనను విషయమున ఒక క్రమము పాటింపక, ఇష్టము వచ్చినట్లు, చీట్లు వేసి తీసినట్లు కలిపించెను. ఇంజనీరు తీగలు కలుపునప్పుడు ఒక్క తీగ తారుమారైనను భయపడును; ఈయన అన్నియు తారుమారుగనే యుండవలెననెను. అందులకు కారణము లేకపోలేదు. పుట్టిన బిడ్డ మెదడులో ప్రతి నాడియు ముందుగా గీసిన పటము ప్రకారము కలుపబడియుండుననుట ఆయనకు నమ్మదగినదిగా తోచలేదు. క్రమములేని మొదటి అమరికనుండి అనుభవముచేత క్రమము పుట్టునని నిరూపించుటయే ఆయన ఉద్దేశము. టెలిఫోను కచేరిలో వలె రంధ్రములతో నిండిన పెద్ద పలక యెదుట, గడ్డివామువలె చిక్కుపడిన తీగలతో ఆ యంత్రము ఛాయాచిత్రములలో నేటికిని కనబడుచున్నది.

రెండవ వరుసనుండి మూడవ వరుసకు, అనగా ఎనిమిది సమాధాన ఘటములకు, తీగలు పోవును. యంత్రము యొక్క ప్రాణమంతయు ఈ రెండింటి నడుమనున్నది. పాత రేడియోలో ధ్వని హెచ్చించుటకును తగ్గించుటకును త్రిప్పు మర యుండునుగదా, అట్టిదే పొటెన్షియోమీటరు అను పరికరము. సంబంధ ఘటమునుండి వచ్చు విద్యుత్తు ఈ మరగుండ పోవలెను. మర ఎంత తెరచియున్నచో ఆ ఘటము మాటకు అంత విలువ. ఒక్కొక్క మరకు ఒక చిన్న విద్యున్మోటారు తగిలింపబడియుండెను. ఏదైనను అక్షరము చూపినప్పుడు, వెలిగిన సంబంధ ఘటముల మాటలన్నియు వాని వాని విలువలతో కూడి ఒక మొత్తమగును. మొత్తము ఒక హద్దును దాటినచో సమాధాన ఘటము ఔననును, దాటనిచో కాదనును.

యంత్రము చెప్పినది సరియైనచో ఏమియు చేయనక్కరలేదు. తప్పైనచో, ఆ సమయమున వెలిగియున్న ఘటముల మరలను మాత్రము మోటారులు కొంచెము అటో యిటో త్రిప్పును. తప్పుగా ఔననినచో విలువలు తగ్గును. తప్పుగా కాదనినచో హెచ్చును. వైణికుడు తీగను మీటి, విని, శ్రుతి కుదురనప్పుడు బిరడను కొంచెము త్రిప్పి, మరల మీటి చూచునట్లే. ఇచ్చట బిరడలు వందలకొలది, త్రిప్పువాడు యంత్రమే. ఈ విధముగా ఆ యంత్రము ఆంగ్లాక్షరములను వేరుపరచుట నేర్చుకొనెను. ఆంగ్లమున అక్షరములు 26 మాత్రమే యగుట యంత్రము చేసికొన్న పుణ్యము. గుణింతములు, ఒత్తులు గల మన లిపిని 400 చుక్కల కంటితో చదువబూనినచో దానికి చుక్కలు కనబడియుండును.

వింత యేమనగా, యంత్రములోని కొన్ని తీగలు తెగినను, కొన్ని ఘటములు చెడినను, అది నేర్చినదంతయు ఒక్కమారుగా మరచిపోదు. కొంచెము తడబడును, అంతే. జ్ఞాపకము ఒక్క చోటనుండక అన్ని మరలలోను పరచుకొనియుండుటయే ఇందులకు కారణము. ఇట్లు నేర్చుకొనుట కేవలము అదృష్టము కాదని ఆయన గణితముచే నిరూపించెను. ఇట్టి యంత్రముచే సాధ్యమగు వివేచన ఏదైనను ఉన్నచో, ఈ దిద్దుబాటు పద్ధతిచే పరిమితమగు పర్యాయములలో అది తప్పక లభించునని ఆ సిద్ధాంతము చెప్పుచున్నది. సాధ్యమగునది యైనచో అను మాటలోనే మున్ముందు రాబోవు ఆపద దాగియుండెను. ఈ విషయములన్నింటిని ఆయన నాడీగతిశాస్త్ర సూత్రములు అను అర్థము గల పేరుతో ఒక పెద్ద గ్రంథముగా వ్రాసి 1962లో ప్రకటించెను.

ఆ రోజులలో ఈ మార్గమున నడచినవాడు ఈయన యొక్కడే కాడు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున బెర్నార్డ్ విడ్రో, ఆయన శిష్యుడు టెడ్ హాఫ్ 1960లో ఆడలైన్ అను యంత్రమును చేసిరి. మోటారుతో త్రిప్పు మరలు పెద్దవి, ఖర్చు గలవి. వాని బదులుగా వారు పెన్సిలు ములుకుపై రాగిపూత పూయుచు తీయుచు విలువ మార్చు చిన్న పరికరమును కనిపెట్టిరి. నేర్చుకొను యంత్రమునకు తగిన కొత్త భాగములు చేయుటకు జరిగిన ప్రయత్నములలో ఇది కడు ముచ్చటైనది.

రోజెన్‌బ్లాట్ ఇథాకాకు మరలివచ్చి విశ్వవిద్యాలయమున అధ్యాపకుడై, శిష్యులతో కూడి మరియొక యంత్రమునకు పూనుకొనెను. ఇది చూచునది కాదు, వినునది. మనుష్యుని పలుకులను గుర్తించుటకు చేసిన ఈ యంత్రమునకు, సాకీ అను ఆంగ్ల రచయిత కథలో మాటలు నేర్చిన పిల్లి పేరగు టోబర్‌మోరీ అని పేరిడిరి. దానిలో మోటారులకు బదులు అయస్కాంతపు వలయములు విలువలను జ్ఞాపకముంచుకొనును. అట్టివి పండ్రెండు వేలు. జార్జి నాగీ అను శిష్యుడు దీని నిర్మాణమున ముఖ్యుడు. ఏండ్ల తరబడి శ్రమించి దానిని పూర్తిచేయు వేళకు ఒక సంగతి జరిగెను. సాధారణ గణకయంత్రములు ఈ లోపల ఎంతో వేగము పుంజుకొని, టోబర్‌మోరీ చేయవలసిన పనిని లెక్కలద్వారా అనుకరించి, దానికంటె త్వరగా చేయసాగెను. గుమాస్తా ఒక్కడే యైనను, ఇప్పుడు మెరుపువలె పరుగెత్తుచుండెను. ప్రత్యేక యంత్రము చేయబూనిన ప్రతివానికిని ఈ గండము గలదు.

అంతకంటె పెద్ద దెబ్బ మిత్రుని వలన తగిలెను. మార్విన్ మిన్‌స్కీ పేరు పైన చెప్పితిని. ఆయనయు యౌవనమున ఇదే దారి త్రొక్కినవాడే. 1951లో నలుబది కృత్రిమ నాడీకణములతో నేర్చుకొను యంత్రమొకటి నిర్మించినవాడు. తరువాత ఆయన మనసు మారెను. బుద్ధికి మూలము తర్కము, సంకేతములు, నియమములు. వానిని సాధారణ గణకయంత్రమునకు బోధించుటయే మార్గమని విశ్వసించు వర్గమునకు ఆయన నాయకుడయ్యెను. మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున ఆయనయు, సీమోర్ పేపర్ట్ అను గణితజ్ఞుడును కలిసి పర్‌సెప్ట్రాన్ యంత్రముల శక్తిని లెక్కకట్టి, 1969లో ఆ యంత్రముల పేరనే ఒక గ్రంథమును ప్రకటించిరి.

వారు చూపిన దోషము పాఠకులకు సులభముగా తెలియగలదు. మేడమెట్లకు క్రింద ఒక మీట, పైన ఒక మీట యుండి, నడుమ ఒక్క దీపముండుట మీరు చూచియుందురు. మీటలలో ఒక్కటి మాత్రమే వేసినచో దీపము వెలుగును. రెండును వేసినను, రెండును తీసినను ఆరిపోవును. ఈ చిన్న నియమమును మరలు ఒక్క వరుస మాత్రమే గల పర్‌సెప్ట్రాన్, మీటలనే నేరుగా చూచునదైనచో, ఎన్నడును నేర్చుకొనజాలదు. మొదటి మీటకు విలువనిచ్చి, రెండవదానికిని విలువనిచ్చినచో, రెండును వేసినప్పుడు మొత్తము ఇంకను పెరుగునేకాని తగ్గదు. ఎన్ని సారులు దిద్దినను ప్రయోజనములేదు. ఇట్లే ఒక బొమ్మలోని గీత తెగక ఒక్కటిగా నున్నదా, రెండు ముక్కలుగా నున్నదా యనునది చెప్పుటయు ఇట్టి యంత్రములకు అసాధ్యమని వారు నిరూపించిరి.

ఆ గణితములో తప్పులేదు. రోజెన్‌బ్లాట్‌కును తన యంత్రపు హద్దులు తెలియనివి కావు. తన గ్రంథముననే ఎన్నో దోషములను ఆయన చెప్పెను. మరలు గల వరుసలు రెండో మూడో ఉన్నచో ఈ చిక్కులు తీరునని ఆయన ఎరుగును. సమాధానములోని తప్పును చివరి వరుసనుండి వెనుకకు పంపి, లోపలి వరుసలను సైతము దిద్దవలెనను ఆలోచనయు ఆ గ్రంథమున గలదు. కాని ఏ మర ఎంత త్రిప్పవలెనో నిర్ణయించు కుదురైన పద్ధతి ఆయనకు దొరకలేదు. మిన్‌స్కీ, పేపర్ట్‌లు పలు వరుసల యంత్రములును నిష్ఫలములే కావచ్చునని తమ ఊహ తెలిపిరి. అది ఊహ మాత్రమే. చదివినవారు దానిని సైతము నిరూపణగా గ్రహించిరి. నాపాటి బుద్ధికి తోచునదేమనగా, దోషము ఇరువైపులను గలదు: ముందు అతిగా పొగడుటచే, పిదప తెగడుట కూడ అతిగా జరిగెను. ఫలితముగా ధనసహాయము చేయు సంస్థలు ఈ మార్గమునుండి ముఖము త్రిప్పుకొనెను. యువకులు ఈ విషయమున పరిశోధన చేయుటకు వెనుదీసిరి.

రోజెన్‌బ్లాట్ మనసు ఇంతలో అనేక విషయములపైకి పోయెను. నేర్పు పొందిన యెలుకల మెదడునుండి తీసిన పదార్థమును నేర్పులేని యెలుకలకు ఎక్కించినచో విద్య సంక్రమించునా యని కొన్నేండ్లు పరీక్షించెను. చెప్పుకోదగిన ఫలితము దొరకలేదు. ఖగోళశాస్త్రముపై మక్కువచే ఇథాకా దగ్గర తన యింటివెనుక కొండపై సొంత వేధశాల కట్టించుకొనెను. దూర నక్షత్రముల చుట్టు తిరుగు గ్రహములు కంటికి కనబడవు. కాని గ్రహము నక్షత్రమునకు అడ్డువచ్చినప్పుడు వెలుగు కించిత్తు తగ్గును. ఆ తగ్గుదలను, రంగులలో కలుగు భేదమును కొలిచి గ్రహములను కనుగొనవచ్చునని 1971లో ఒక వ్యాసము ప్రకటించెను. 2009లో అమెరికావారు పంపిన కెప్లర్ అను అంతరిక్ష దూరదర్శిని, నక్షత్రపు వెలుగు ఇట్లు తగ్గుటను కనిపెట్టియే 2,600కు పైగా గ్రహముల జాడ తెలిపినది. రాజకీయములందును ఆయనకు ఆసక్తి గలదు. వియత్నాము యుద్ధమును వ్యతిరేకించి, 1968లో అధ్యక్ష పదవికి అభ్యర్థిత్వము కోరిన యూజీన్ మెకార్థీ పక్షమున ఊరూర తిరిగి పనిచేసెను. తన యంత్రమునకు ధనమిచ్చినది నౌకాదళమే యైనను, యుద్ధము తప్పని తోచినప్పుడు ఆయన మౌనము వహింపలేదు.

1971 జూలై 11వ తేదీ ఆయన నలుబదిమూడవ జన్మదినము. ఆనాడు చెసపీక్ అఖాతమున పడవలో విహరించుచుండగా ప్రమాదము సంభవించి ఆయన మరణించెను. మిన్‌స్కీ, పేపర్ట్‌ల గ్రంథము తరువాతి ముద్రణమున రోజెన్‌బ్లాట్ స్మృతికి అంకితమీయబడెను. ఆ సంవత్సరము నవంబరులోనే ఇంటెల్ కంపెనీ 4004 అను, వ్రేలిగోరంతటి చిప్పుపై ఇమిడిన గణకయంత్రమును అమ్మకమునకు తెచ్చెను. దానిని రూపొందించిన వారిలో ముఖ్యుడు, పెన్సిలు ములుకుపై రాగిపూతతో ప్రయోగములు చేసిన టెడ్ హాఫ్!

ఆయన పోయిన పిదప పదునైదేండ్లకు, 1986లో, రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ అను మువ్వురు తప్పును వెనుకకు పంపి లోపలి వరుసలను దిద్దు పద్ధతిని చక్కగా వివరించి లోకమునకు చాటిరి. మేడమెట్ల దీపము చిక్కు విడిపోయెను. అయినను అంతటి లెక్కలు చేయగల యంత్రములు లేక మరియొక పాతికేండ్లు గడచెను. తుదకు సహాయము అనుకోని చోటనుండి వచ్చినది. పిల్లల వీడియో ఆటలలో బొమ్మలను వేగముగా గీయుటకు చేసిన చిప్పులలో వేలకొలది చిన్న లెక్కలు ఏకకాలమున జరుగును. 2012లో టొరాంటో విశ్వవిద్యాలయమున క్రిజెవ్‌స్కీ, సుత్స్‌కేవర్, హింటన్ అట్టి చిప్పులు రెండింటితో ఆరు కోట్ల మరలు గల, పెక్కు వరుసల పర్‌సెప్ట్రాన్ వంటి అల్లికకు బొమ్మలను గుర్తించుట నేర్పి, పోటీలో తక్కినవారినెల్ల మిగుల దూరమున వెనుకవేసిరి. అప్పటినుండి గూగుల్ మొదలగు కంపెనీలు ఈ పనికే ప్రత్యేకముగా చిప్పులు చేయ మొదలిడెను. ఆ చిప్పులు చేయు పనిలో అధికభాగము, విలువతో హెచ్చించి మొత్తము కూడుట. అనగా మార్క్ వన్ యంత్రమున మరలు చేసిన పనియే. 2024లో భౌతికశాస్త్ర నోబెలు బహుమానము హింటన్‌కును, జాన్ హాప్‌ఫీల్డ్‌కును ఈ విద్యలో చేసిన కృషికే లభించినది.

గుమాస్తా, బీరువా చిక్కు మాత్రము ఇంకను తీరలేదు. నేటి చిప్పులలో విద్యుచ్ఛక్తి చాలవరకు లెక్కలకు గాక, విలువలను జ్ఞాపకమునుండి తెచ్చుటకును మరల పెట్టుటకును వ్యయమగుచున్నది. అందుచే విలువ ఎచట నిలువయుండునో అచటనే లెక్క జరుగునట్లు చిప్పులు చేయుటకు పలు దేశములలో పరిశోధన సాగుచున్నది. ఐ.బి.యం. వారు 2014లో ప్రకటించిన ట్రూనార్త్ అను చిప్పున పది లక్షల కృత్రిమ కణములు, వాని నడుమ 25 కోట్ల 60 లక్షల బంధములు గలవు. అది వినియోగించు విద్యుత్తు వాటులో పదునాల్గవ వంతు మాత్రమే. విద్యుత్తు ప్రవహించినకొలది తన నిరోధమును మార్చుకొని, ఆ మార్పును మరువని పరికరములను వరుసలుగా పేర్చి మరలవలె వాడుటయు జరుగుచున్నది. మోటారు లేదు, రాగిపూత లేదు. ఆలోచన మాత్రము అదియే.

2004లో అంతర్జాతీయ విద్యుత్ ఇంజనీర్ల సంఘమగు ఐ.ఇ.ఇ.ఇ. వారు రోజెన్‌బ్లాట్ పేర ఒక బహుమానమును స్థాపించిరి. మార్క్ వన్ పర్‌సెప్ట్రాన్ వాషింగ్టను నగరమునందలి స్మిత్సోనియన్ సంస్థవారి వస్తుసంపదలో చేరి భద్రముగా నున్నది.